మూడడుగుల మన్ను

ఇలా దగ్గరికి జరుగు బిడ్డా. ఇంకొంచెం. చేతిలో ఫోను ఉంటే ఉండనీ, దానితో పని చివర్లో పడుతుంది. ముందు ఆ విమానాన్ని పోనీ. మా కొత్వాల్‌గూడలో మాట మధ్యలో విమానం వస్తే నోరు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఆగిపోతారు. అది హిమాయత్ సాగర్ మీదికి పోయాక మిగిలిన సగం మాట అందుకుంటారు. పెళ్ళి మాటలైనా అంతే, పోట్లాటలైనా అంతే.

ఆ, పోయింది. విను.

నా పేరు ముత్తమ్మ. చదువు రాదు. సంతకం కూడా మనవరాలు మనీషా చేయి పట్టి రాయిస్తే వచ్చింది. కానీ నలభై ఏళ్ళ కింద మా ఏ బర్రె ఏ కార్తెలో ఈనిందో, దూడ నుదుట మచ్చ ఉందో లేదో అడుగు, చెప్తాను. ఊళ్ళో ఎవరి పశువు మేత ముట్టకపోయినా ముందు నా దగ్గరికే వచ్చేవారు, డాక్టరు ఆ తర్వాతే. పోయిన వానాకాలం ఆ పేరే నా గొంతు పట్టుకుంది.

మా ఇల్లు ఎట్లా ఉంటుందో ముందు చెప్పాలి. మూడు వైపులా వెంచర్ల గోడలు. భూములమ్మినవాళ్ళు అమ్ముకున్నారు, ప్లాట్లు చేసినవాళ్ళు చేసుకున్నారు, మధ్యలో మా ఇల్లూ బర్రెల కొట్టమూ మిగిలాయి. నాలుగో వైపు ఒక సందు. అరవై అడుగులు వేస్తే సందు అయిపోతుంది, ఆ చివర జిలానీ దాణా కొట్టు. పాలకేంద్రానికి పోవాలన్నా, దవాఖానకు పోవాలన్నా, ఆ కొట్టు ముందు నుంచి పోవాల్సిందే. ఇంకో దారి లేదు. ఈ మాట గుర్తుపెట్టుకో.

ఒకప్పుడు ఏడు బర్రెలుండేవి. పోయిన ఏటికి రెండే మిగిలాయి. చుక్క పాలిచ్చేది. బోడి చూడితో ఉంది. నా కొడుకు గోవర్ధన్ ఎయిర్‌పోర్టు కార్గో గోదాములో డ్యూటీ చేస్తాడు. వాడికి వీటి పేడ వాసన పడదు. అమ్మేద్దామంటాడు. ఇంకొక్క ఏడు ఉండనీరా అంటాను. అట్లా నాలుగేళ్ళు నెట్టుకొచ్చాను.

జిలానీకి ఒక్కతే బిడ్డ, మరియం. మనీషాతో పాటు శంషాబాద్‌లో ఇంటర్ చదివేది. ఇద్దరికీ ఒకటే ఆటో, ఒకటే బెంచి, ఒకటే పిచ్చి. ఆ పిచ్చి పేరు ఆట. ఆదివారం మధ్యాహ్నం మా కొట్టంలో మంచం వేసుకుని ఆడేవారు. మరియం చేతిలో నోటుబుక్కు. "మీరు కోట గుమ్మం కాడ నిలబడ్డరు. లోపల దీపం ఎలుగుతుంది. ఏం చేస్తరు?" అంటుంది. మనీషా కత్తి పట్టినవాడినంటూ ఏదో ఒకటి చేస్తుంది. అది జరిగిందా లేదా అని తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక వేస్తారు. మేం పచ్చీసుకు గవ్వలు వేసినట్టే. మొదటి వారమే ఆ పాచికను చుక్క నాలుకతో చుట్టి నోట్లోకి లాక్కుంది. దవడలు తెరిచి నేనే బయటికి తీశాను. ఆ సాయానికి నన్నూ ఆటలో చేర్చుకున్నారు. నేను మూలికల ముసలమ్మను.

"దాదీ, నీకు ఒక మంత్రం ఇస్తున్న," అంది మరియం. "విషం కనిపెట్టే మంత్రం. నువ్వు చదివినవంటే నీ చుట్టూ ముప్పై అడుగుల లోపల విషం యాడున్నా తెలుస్తది. ఏ రకం విషమో గూడ తెలుస్తది."

"ఎవలు పెట్టిన్రో తెలుస్తదా?"

"అది తెల్వది."

"ఇగ గదేం మంత్రమే! ఉన్నదని చెప్పి ఊకుంటదా?"

"ఇంకోటి," అంది నోటుబుక్కు చూస్తూ. "మూడడుగుల మన్ను అడ్డముంటే పనిచెయ్యది. పూడ్చిపెట్టిన విషం కనపడది."

"అంటే గడ్డపార ఉన్నోడే గెలుస్తడన్నట్టు," అన్నాను. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

అక్కడితో ఊరుకున్నానా? నా తెలివి చూపించుకోవద్దూ! విషమంటే సీసాలో ఉండేదే కాదు, పచ్చగా కళ్ళముందు ఊగేది కూడా విషమవుతుందని నాము సంగతి చెప్పాను. "జొన్న కోసినంక మోళ్ళకు మళ్ళ పిలకలొస్తయి. వానల్లేక వాడిపోయినప్పుడు గా పిలకలల్ల నాము ఉంటది. బర్రె కడుపునిండ తిన్నదా, గంట సేపట్ల పడిపోతది. మూడు మంచి వానలు పడ్డంక ఇగ భయం లేదు. మా అత్త వేళ్ళ మీద లెక్కవెట్టి, మూడో వాన పడ్డంకనే కొడవలి చేతికిచ్చేది."

మరియం అదంతా బుక్కులో రాసుకుంది. "మంచిగుంది దాదీ. ఆటల వెడ్త."

ఆ ఏడు రోహిణిలో రెండు వానలు పడి ఆశ పెట్టాయి. మృగశిర వట్టిగా పోయింది. ఎండుగడ్డి దొరకడం కష్టమైంది. చుక్క పాలు సగానికి పడిపోయాయి. ఒక శనివారం గోవర్ధన్ బువ్వ తింటూ తల ఎత్తకుండానే చెప్పాడు.

"అమ్మా, సోమవారం బేరగాడు వస్తున్నడు. రెండింటినీ చూస్తడు."

"బోడి చూడితోటి ఉందిరా."

"అందుకే మంచి రేటు వస్తది. ఇగ చాలు. గీ బర్రెల నీళ్ళు సందులకు పోయి మొన్న జిలానీ బస్తాలు తడిసినయి. ఎంత లొల్లి అయిందో చూసినవ్ గదా?"

చూశాను. సందులో ఇద్దరూ రొమ్ముకు రొమ్ము తగిలేటట్టు నిలబడి అరుచుకున్నారు. "మీ బర్రెలున్నన్ని దినాలు నాకీ పరేషాన్ తప్పదు," అని జిలానీ అన్నాడు. కోపంలో అన్న మాట. నాలుగు ఇళ్ళవాళ్ళు విన్న మాట.

నాకు ఆ రాత్రి ఒకటే ఆలోచన. సోమవారానికి చుక్క చెంబు నిండా పాలిస్తే, కొడుకు నోరు మూయించవచ్చు. పాలకు పచ్చిమేత కావాలి. మా పడమటి గోడ అవతల వెంచర్‌లో నిరుటి జొన్న మోళ్ళు ఉన్నాయి. రాళ్ళు పాతారే గానీ దున్నలేదు. పిలకలు మోకాలెత్తు లేచాయి. ఇన్నాళ్ళూ వాటివైపు చూడనిది, మూడో వాన పడలేదనే.

ఆదివారం తెల్లారగానే గోడ సందులోంచి తొంగి చూశాను. అవతల నేల తడిసి ఉంది. అంచున జొన్నాకుల మీద నీళ్ళు ముత్యాల్లా నిలబడ్డాయి. మా వాకిట్లో ఒక్క చినుకు కూడా పడలేదు, కానీ అక్కడ పడింది. వాన అంతే కదా, ఒక ఎద్దు కొమ్ము మీద పడి ఇంకో కొమ్ము మీద పడదు. మూడోది, అనుకున్నాను. వేలు మడిచి మరీ అనుకున్నాను. కొడవలి తీసుకుని, కూలిన గోడ మూల నుంచి దూరి, ఒక మోపు కోసుకొచ్చాను.

పాలిచ్చేది కదా అని అంతా చుక్కకే వేశాను. ముందు రోజు జిలానీ కొట్లో తెచ్చిన కొత్త దాణా బస్తా విప్పి, రెండు దోసిళ్ళు అది కూడా కలిపాను. బోడికి ఎండుగడ్డే.

ఎండెక్కేసరికి చుక్క కాళ్ళు వణికాయి. నోట్లోంచి నురగ. గొంతు సాచి గాలి కోసం చూసింది, కూలబడింది. బెల్లం నీళ్ళు గొంతులో పోశాను, మా అత్త పోసినట్టే. సగం లోపలికి పోయాయి, సగం నా కొంగు మీద పడ్డాయి. చుక్క నన్నే చూస్తూ పోయింది. పశువులకు మనల్ని అనడం రాదు బిడ్డా, అదొక్కటే వాటికి రానిది.

కోడలు కవిత పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన వేరే ఊళ్ళో ఉన్నాడు, రెండు గంటలు పడుతుందన్నాడు. డ్యూటీ నుంచి గోవర్ధన్ ఉరికొచ్చాడు. చుక్కను చూశాడు, తొట్టి చూశాడు, మూతి విప్పిన కొత్త బస్తా చూశాడు.

"ఎవని దాణా ఇది?"

కవిత చెప్పింది. "జిలానన్న కొట్లది. నిన్ననే తెచ్చినం."

వాడి ముఖం మారిపోయింది. నేను అక్కడే ఉన్నాను. నా చేతిలో ఇంకా కొడవలి ఉంది. ఒక్క మాట, 'నేనేరా', అంటే అయిపోయేది. చుక్క చచ్చిపడి ఉంది, రేపు బేరగాడొస్తాడు, ఊరికి బర్రెల వైద్యం చెప్పే ముత్తమ్మ సొంత బర్రెకు నాము మేపింది. ఈ మూడూ ఒకేసారి నోటికి అడ్డం పడ్డాయి. విమానం వచ్చింది. అది పోయేదాకా అందరం ఆగాం. అది పోయాక నేను మాట అందుకోలేదు.

అందుకున్న మాట వేరే. "ఎండ మండుతుంది, ఉబ్బుతది. గోడ అవతల జేసీబీ ఉంది, పిలిచి పూడ్చిపెట్టున్రి," అన్నాను.

"డాక్టర్ వచ్చేదాక ఆగుదాం అత్తమ్మా. కోసి చూస్తే ఏం తిన్నదో తెలుస్తది గదా?" అంది కవిత.

"చచ్చినదాన్ని ఇంక కోస్తరా? నా కండ్ల ముందర వద్దు."

ఏడుస్తూ అన్నాను కాబట్టి నమ్మారు. తొట్టిలో మిగిలిన పిలకలను అందరి కంటే ముందే పేడకుప్పలో తొక్కేశాను. డాక్టరు వచ్చేసరికి మన్ను కప్పేశారు. ఆయన తల గోక్కుని, దాణా ఒక కవర్‌లో పోసుకుని, ల్యాబుకు పంపితే రెండు నెలలు పడుతుందని చెప్పి పోయాడు.

గోవర్ధన్ రెండు నెలలు ఆగుతాడా? బస్తాను ముందు పెట్టుకుని ఫోనులో వీడియో తీశాడు. "అన్నలారా, అక్కలారా, సూడుండ్రి. గీ దాణా తిని మా బర్రె రెండు గంటలల్ల పానం ఇడిసింది. మీ పశువులను కాపాడుకోండ్రి." కొట్టు బోర్డు కూడా చూపించాడు. పొద్దుగూకే లోపల చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ పోయింది. బస్తా మూతికి ఇనుప తీగ చుట్టి, సాక్ష్యమని అటక మీద పెట్టాడు.

మర్నాటి నుంచి సందులో చప్పుడు. బండ్ల మీద, తలల మీద బస్తాలు వాపసు వస్తున్నాయి. కొట్టు ముందు దించి, ఏమీ అనకుండా పోయేవారు కొందరు. అనిపోయేవారు కొందరు. జిలానీ మొదట్లో ఒక్కొక్క బస్తా విప్పి, గుప్పెడు తీసి, తనే నమిలి చూపించాడు. "చూడన్నా, నేను తింటున్న గదా," అనేవాడు. నాలుగో రోజుకు అది కూడా మానేశాడు. షట్టర్ సగానికి దించి లోపల కూర్చునేవాడు.

నేను సందు దాటలేదు. మోకాలి నొప్పి అన్నాను. పాలకేంద్రానికి పోయే పని లేదు, పాలే లేవు. వాకిట్లోకి వస్తే ఆ చివర సగం దిగిన షట్టర్ కనబడుతుంది, దాని కింద జిలానీ కాళ్ళు కనబడతాయి. లోపలికి పోతే అటక మీద బస్తా. కొట్టంలోకి పోతే చుక్క కట్టుగుంజ ఖాళీగా. మూడు వైపులా గోడలు, ఆ గోడలు ఎవరో కట్టినవి. నాలుగో గోడ నేనే కట్టుకున్నాను.

బేరగాడు రాలేదు. విషం పడ్డ ఇంటి బర్రె నాకు వద్దన్నాడట. బోడి నాకు దక్కింది. ఇది కూడా చెప్పాలి, దాచకూడదు. నా మౌనం నాకు లాభించింది.

ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. కవిత పాల ప్యాకెట్ కొన్నా వాసన చూసేది. గోవర్ధన్ నీళ్ళు తాగే ముందు చెంబులోకి చూసేవాడు. ఎవరి ఇంట్లో చూసినా అదే. ఊరంతా మంత్రం చదువుతున్నట్టే ఉంది, ఒక్కరికీ తగలడం లేదు. ఆ మంత్రం తగలాల్సిన మనిషి మంచం మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది.

ఇంకా మోసం ఏమిటంటే, నాకు నేనే సందు ఒకటి తెరుచుకున్నాను. మూడో వాన పడింది కదా, నాము పోయే ఉంటుంది కదా, అంటే నిజంగానే దాణాలో ఏదో ఉందేమో కదా! అట్లా అనుకుని ఒక వారం నిద్రపోయాను. దాణా కొన్నప్పుడు చిటికెడు నోట్లో వేసుకుని చూడటం మా పద్ధతి. ఆ శనివారం కూడా చూశాను, తియ్యగా ఉంది. ఆ రుచి మాత్రం గుర్తు చేసుకోలేదు.

మరుసటి ఆదివారం తెల్లారి గోడ అవతల మోటారు చప్పుడు. అరుగు మీదెక్కి చూశాను. ఒక ట్యాంకర్, వెనక గొట్టం లోంచి నీళ్ళు చిమ్ముకుంటూ వెంచర్ రోడ్డు మీద మెల్లగా పోతోంది. రోడ్డు తడిసింది. అంచున జొన్నాకుల మీద నీళ్ళు ముత్యాల్లా నిలబడ్డాయి.

"గదేంది కవితా?"

"ఆదివారం ప్లాట్లు చూడ వస్తరు గద అత్తమ్మా, కార్లకు దుమ్ము లేవకుంట కొడ్తరు. ప్రతి వారం కొడ్తరు. నువ్వు ఎన్నడు చూడలేదా?"

మడిచిన వేలు ఒకటి తెరుచుకుంది బిడ్డా. రెండే వానలు. మూడోది ట్యాంకర్.

ఆ తర్వాత నిద్ర లేదు.

మరియం మా ఇంటికి రావడం ఎప్పుడో ఆగిపోయింది. మనీషాను ఆటోలో వేరేగా కూర్చోమన్నాడు గోవర్ధన్. కానీ ఆదివారం తండ్రి డ్యూటీలో ఉంటే మనీషా కొట్టంలో మంచం మీద ఫోను పెట్టి, గొంతు తగ్గించి, "మరియం, ఉన్నవా?" అనేది. అట్లా ఫోనులోనే ఆట నడిచేది. నన్ను పిలిచేది. తలనొప్పి అని పోయేదాన్ని కాదు. మూడో ఆదివారం చేయి పట్టి లాక్కుపోయింది.

"రా నానమ్మా. ఇదే ఆఖరి ఆట. గురువారం వాల్లు ఖాళీ చేసి పోతున్నరు. యాకుత్‌పురాల వాల్ల పెద్దనాన్న ఇంటికి."

"కాలేజీ?"

ఫోనులోంచి మరియం చెప్పింది. "ఇగ కాలేజీ లేదు దాదీ. అక్కడ చూద్దామన్నడు మా అబ్బా. నువ్వు ఆడుతవా?"

"ఆడుత బిడ్డా."

"సరే. మీరు కోట లోపల ఉన్నరు. రాజు గుర్రం సచ్చిపోయింది. విషమెవరు పెట్టిన్రో తేలేదాక తలుపులు తియ్యొద్దని హుకుం. ఎవరు బయటికి పోరాదు, లోపలికి రారాదు. గుర్రాలకు మేత వేసెటోణ్ణి పట్టుకొని చెరసాలల పెట్టిన్రు. తెల్లారితే కోట నుంచి ఎల్లగొడ్తరు. దాదీ, నీకు మంత్రం ఉంది. మూడుసార్లే వెయ్యొస్తది."

"రాజును నరుకుదామా?" అంది మనీషా కత్తి పట్టినవాడిగా.

"నువ్వు జర ఆగు," అన్నాను. "మేత గాదె మీద వెయ్యి."

"వేసినవ్. ఏం లేదు. మంచి మేత."

"గా మేత వేసెటోని చేతుల మీద?"

"ఏం లేదు దాదీ. సాఫ్ చేతులు."

ఇంక ఒక్కటే మిగిలింది. "గుర్రం యాడుంది?"

"పూడ్చిపెట్టిన్రు. మూడడుగుల మన్ను కింద. అక్కడ మంత్రం పనిచెయ్యది."

"ఎవలు పూడ్చమన్నరు?"

"అది నా నోటుబుక్కుల లేదు దాదీ."

విమానం వచ్చింది. కొట్టం రేకులు గిలగిలలాడాయి. ఫోనులో కూడా అదే విమానం, ఒక్క క్షణం ఆలస్యంగా వినిపించింది. అరవై అడుగుల దూరమే కదా. అది పోయింది. ఈసారి మాట అందుకున్నాను.

"నా సంచిల ఒక కొడవలి ఉంది. దాని మీద వెయ్యి."

"నీ సంచిల కొడవలి యాడిది నానమ్మా? మూలికలు, కర్ర, దీపం, గంతే గద రాసుకున్నం," అంది మనీషా.

"ఉంది. రాసుకో."

ఫోనులో నోటుబుక్కు కాగితాలు తిరుగుతున్న చప్పుడు. "మంత్రం తగిలింది దాదీ," అంది మరియం. "ఏ రకం విషమో గూడ తెలుస్తది. ఏ రకం?"

"నాము."

మనీషా పాచికను చేతిలో అట్లాగే పట్టుకుని నావైపు తిరిగింది.

"ఆటల చెప్తున్నవా దాదీ, బయట చెప్తున్నవా?" అని ఫోనులోంచి మరియం అడిగింది.

"మీ అబ్బా ఇంట్ల ఉన్నడా బిడ్డా?"

"కొట్టు కాడ బస్తాలు కడ్తున్నడు."

చెప్పులు ఎక్కడున్నాయో కనబడలేదు. వట్టి కాళ్ళతోనే లేచాను. ఇరవై ఒక్క రోజుల తర్వాత ఆ అరవై అడుగులు వేశాను. ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టాను, అందుకే నీకు అంత కచ్చితంగా చెప్పగలిగాను.

జిలానీ ముందుగా పంపే బస్తాలు ట్రాలీ ఆటోలో వేసి తాళ్ళు బిగిస్తున్నాడు. భార్య సలేహా గడపలో గిన్నెలు మూట కడుతోంది. ఎట్లా చెప్పానో గుర్తు లేదు, ఇంత జ్ఞాపకం ఉన్నదాన్ని. పిలకలు, ట్యాంకర్, పేడకుప్ప, జేసీబీ, అన్నీ చెప్పాను. జిలానీ తాడు వదిలేసి నేల చూస్తూ నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

సలేహా అంది, "మా మరియం బువ్వ తింటుంటే పక్క పిల్లలు డబ్బాలు మూసుకున్నరు అమ్మా. గది నీకు ఎవరన్న చెప్పిన్రా?"

ఎవరూ చెప్పలేదు. ఎవరు చెప్పగలరు నాకు?

"పెద్దమ్మా," అన్నాడు జిలానీ చివరికి. "నాకు చెప్పినవ్. నీ పానం తేలికైంది, ఇంటికి పోతవ్. నేనేం చెయ్యాలె ఈ మాటను? జేబుల పెట్టుకొని యాకుత్‌పుర పోవాల్నా? నీ కొడుకు ఊరందరికి చెప్పిండు. నువ్వు ఊరందరికి చెప్పు."

ఆదివారం సాయంత్రం ఐదింటికి పాలకేంద్రం దగ్గర ఊరు ఊరంతా ఉంటుంది. పాలు పోసేవారు, పోయించుకునేవారు, ఊరికే నిలబడేవారు. ఇంటికి పోయేసరికి గోవర్ధన్ డ్యూటీ దిగి వచ్చాడు. మనీషా అప్పటికే చెప్పేసింది.

"అమ్మా, నీకేమన్న పిచ్చా? అందరి ముందర చెప్తవా? ఇగ నా ఇజ్జత్ ఏం గావాలె?"

"బర్రె నా తోని పోయింది. జిలానీ ఇజ్జత్ ఎందుకు పోవాలె?"

"నాకు ముందే ఎందుకు చెప్పలేదే?" అన్నాడు. "నువ్వు చెప్తే నేను నిన్ను ఏమన్న అందునా?"

అటక మీది బస్తా దించమన్నాను. సాక్ష్యమన్నాడు. సాక్ష్యమనే దించమన్నాను. వాడు కదల్లేదు. కవిత స్టూలెక్కి దించింది. ఆ బస్తాను మనీషా సైకిల్ మీద పెట్టుకుంది, నేను బోడి పలుపు పట్టుకున్నాను.

పాలకేంద్రంలో పాలు కొలిచే జంగయ్య నన్ను చూసి, "ఓహో ముత్తమ్మా, మోకాళ్ళు మంచిగైనయా?" అన్నాడు. అక్కడే, ఆ గట్టు మీద నిలబడి చెప్పాను. చెప్పడం అయిపోయాక ఏమవుతుందో నేను ఎన్నో విధాల అనుకున్నాను బిడ్డా. ఇది మాత్రం అనుకోలేదు. ఎవరూ నమ్మలేదు.

"నాము మేపిందట! గీ ముత్తమ్మ!" అంది పాలు పోయ వచ్చిన భారతమ్మ. "నాము గురించి మాకు చెప్పిందే నువ్వాయె. ఎవలన్న బెదిరించిన్రా నిన్ను?"

"ముసల్దానికి మతి పోయింది. బర్రె పోయిన రంది," అన్నారు వెనక నుంచి.

నా పేరు నాకు మళ్ళీ అడ్డం పడింది. అబద్ధాన్ని ఒక్క మాట కూడా మాట్లాడకుండా నమ్మించాను, నిజాన్ని గొంతు పోయేటట్టు అరిచినా నమ్మటం లేదు. సరే అని బస్తా దింపించాను. కొడవలితో ఇనుప తీగ తెంపాను. ఆ తట్ట ఇటు ఇయ్యమన్నాను జంగయ్యను.

అప్పుడు గుంపులోంచి జిలానీ ముందుకొచ్చాడు. నా పక్కన వంగి మెల్లగా అన్నాడు. "వద్దు పెద్దమ్మా. మూడు వారాలు గా బస్తా నా చేతుల లేదు. అండ్ల పురుగు పట్టిందో, ఎవలన్న ఏమన్న కలిపిన్రో నాకు తెల్వది. ఉన్నది ఒక్క బర్రె. చూడితోటి ఉంది."

ఊరు వెళ్ళగొట్టిన మనిషి నా బర్రె గురించి భయపడుతున్నాడు. నా చేయి ఆగింది. నిజమే, బోడి తప్ప నాకేమీ లేదు. అది పోతే కొట్టం ఖాళీ, నేను ఖాళీ. చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాను. నమిలాను. కొంచెం ముక్కిన వాసన, అడుగున అదే తీపి. ఆ శనివారం నాటి తీపి. ఇంకేమీ ఆలోచించకుండా తట్ట నిండా పోసి బోడి ముందు పెట్టాను.

బోడి మూతి పెట్టింది. జంగయ్య కొలత ఆపేశాడు. పాల క్యాన్లు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉన్నారు. ఒక బర్రె దాణా తినడాన్ని అంతమంది అంత శ్రద్ధగా చూడటం నా డెబ్బై ఏళ్ళలో చూడలేదు. తట్ట నాకేసింది. విమానం ఒకటి పోయింది. ఇంకొకటి పోయింది. గంట గడిచింది. నేను దాని మెడ మీద చేయి వేసి నిలబడ్డాను, వణుకు తెలుస్తుందేమోనని.

తర్వాత బోడి తోక ఎత్తి, నిదానంగా, నిండుగా పేడ వేసింది. పిల్లలు కేకలు పెట్టి నవ్వారు. మెడ సాచి తట్ట వైపు మళ్ళీ మూతి చాపింది.

"ఇంక ఆకలంటుందిరో!" అన్నాడు జంగయ్య. అప్పుడు కదిలారు జనం. భారతమ్మ నన్ను చూడకుండా, జిలానీని చూడకుండా, క్యాను తీసుకుని వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగితే గోవర్ధన్ ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. జిలానీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. జిలానీ కొట్టు ముందున్న ట్రాలీ వైపు నడుస్తూ, "తాడు ఒక దిక్కు పట్టు," అన్నాడు. ఇద్దరూ కలిసి బస్తాలు దించారని చెప్పాలని ఉంది. దించలేదు. కట్టారు.

కొట్టు అప్పటికే వేరేవాళ్ళకు కిరాయికిచ్చేశారు. జిలానీ గురువారం పోయాడు. అయితే దసరా తర్వాత శంషాబాద్ బస్టాండ్ వెనక చిన్న కొట్టు పెట్టుకున్నాడు. మా ఊరివాళ్ళు కొందరు అక్కడికే పోతారు. మరియం మళ్ళీ కాలేజీలో చేరింది, ఆదివారం వస్తుంది. జిలానీ నాతో ఎక్కువ మాట్లాడడు. నేను పోతే కూర్చోమని స్టూల్ వేస్తాడు. సలేహా చాయ్ ఇస్తుంది. తాగి వస్తాను. బోడి ఈనింది, పెయ్యదూడ. నుదుట మచ్చ లేదు.

ఇప్పుడు ఆ ఫోను తియ్యి. గోవర్ధన్ పాలకేంద్రం నుంచి వచ్చిన రాత్రే ఆ వీడియో తుడిచేశాడు, తప్పైందని ఇంకొకటి పెట్టాడు. ఆ రెండోదాన్ని ఎవరూ పంపుకోలేదు. మొదటిది ఇంకా తిరుగుతూనే ఉంది. మొన్న మొయినాబాద్ అవతల ఏదో ఊరి గ్రూపు నుంచి మనీషాకే వచ్చింది, చూడు, 'మీ పశువులను కాపాడుకోండ్రి' అని. మూడడుగులు కాదు, ముప్పై అడుగులు తవ్వినా ఇంక దాన్ని పూడ్చిపెట్టలేం.

అందుకే నిన్ను దగ్గరికి పిలిచింది. నేను ఎంత దూరం నడవగలను బిడ్డా, అరవై అడుగులకే ఆయాసం. ఆ వీడియో ఎక్కడ కనబడితే అక్కడ ఈ కథ చెప్పు. మరచిపోకు, ట్యాంకర్ సంగతి మరచిపోకు, జిలానీ 'వద్దు పెద్దమ్మా' అన్నది అసలే మరచిపోకు. ఎవరో ఒక ముసలమ్మ అని మాత్రం చెప్పకు. కొత్వాల్‌గూడ ముత్తమ్మ అని, పేరు పెట్టి చెప్పు.